యాభై మూడా, యాభై నాలుగా

"పోయింది నీ కన్నా, నీ తుపాకీనా?"

1992 అక్టోబరులో, ఫిన్లాండులోని హావుకిలంపి ఊరి వేటగుడిసె ముందు, మిగతా పన్నెండు మంది వింటుండగా కౌకో అడిగిన ప్రశ్న ఇది. మూస్ అంటే గుర్రమంత ఎత్తు దుప్పి; దాన్ని వేటాడే ఆ ఊరి జట్టుకు కౌకో పెద్ద. అడిగించుకున్నవాడు సులో కుయిట్టినెన్. వయసు యాభై తొమ్మిది; ముప్పై ఒక్కేళ్లుగా ఆ జట్టులో తుపాకీ పట్టుకుని నిలబడుతున్నవాడు. రెండు రోజుల కిందట, పట్టపగలు, అరవై మీటర్ల దూరంలో పక్కకు తిరిగి నిలబడ్డ మగ మూస్‌ని సులో కాల్చాడు. ఊపిరితిత్తుల్లో దిగాల్సిన గుండు పేగుల్లో దిగింది. నాలుగు వందల యాభై కిలోల జంతువు ఆ గాయంతోనే బురదనేలలు దాటి పోయింది. కుక్క దాని జాడ పట్టేసరికి రెండు రోజులైంది, మాంసం పాడైంది. ఒక లైసెన్సు ఖర్చయిపోయింది, పద్నాలుగు ఇళ్లకు చేరాల్సిన మాంసం నక్కలకు చేరింది.

సులో తొందరపడలేదు.

"కన్ను బాగానే ఉంది. నువ్వు రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదని ఇంత దూరం నుంచీ తెలుస్తోంది."

"అయితే తుపాకీయేనన్నమాట."

"తుపాకీకేం? అది మా నాన్నది."

ఆ మాటతో సంగతి తేలిపోయినట్టు అందరూ తలలూపారు, కౌకో తప్ప.

"నిరుడొకదాన్ని వదిలేశావు. ఈ ఏడు దీన్ని పాడుచేశావు. వచ్చే ఏడు మూడోది కూడా ఇలాగే తగలేశావనుకో, నాలుగో నంబరు కాపు ఇంకొకడికిస్తా. నువ్వు తోలేవాళ్లతో నడుద్దువుగాని."

జట్టులో సగంమంది కాపుల్లో కదలకుండా నిలబడతారు. మిగతా సగం అడవిలో వరుసకట్టి నడుస్తూ జంతువుని వాళ్ల మీదికి తోలతారు. నాలుగో నంబరు కాపు వాగు మలుపులో ఉంది; తోలినవాటిలో మూడింట ఒకటి అక్కడికే వస్తుంది. సులో కంటే ముందు అక్కడ నిలబడ్డవాడు అతని తండ్రి యుహో. సులో ఎడమ మోకాలి మీద పద్నాలుగేళ్ల కిందట కోతమిల్లులో దుంగ దొర్లింది. ఆ కాలితో మూడు గంటలు నిలబడగలడు గాని బురదలో పది కిలోమీటర్లు నడవలేడు. కాపు పోతే అతనికి వేటే పోతుంది. ఈ సంగతి చెప్పినవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు.

వేటంటే మనిషి ప్రకృతిలో కలిసిపోవడమని పట్నం పత్రికలు రాస్తుంటాయి. రాసేవాళ్లు ఎప్పుడూ తడిసిన మేజోళ్లతో నాలుగు గంటలు నిలబడినట్టు లేదు. సులోకి వేటంటే ఫ్రీజర్లో డెబ్బై కిలోల మాంసం. మిల్లు మూతపడ్డాక ఏడాదిలో ఆరువారాలపాటు పొద్దున్నే లేవడానికో కారణం. వేటగుడిసె ద్వారబంధం మీద పేరు. అక్కడి ఆచారం ఏమిటంటే, పడ్డ ప్రతి మూస్‌కీ, దాన్ని పడగొట్టిన తూటా డొల్లను ద్వారబంధానికి కొట్టి కింద పేరూ ఏడూ రాస్తారు. ఎడమ కమ్మీ మీద యుహోవి పంతొమ్మిది, కుడి కమ్మీ మీద సులోవి ఇరవై రెండు. అన్నీ ఇత్తడివి, చేతులు తగిలి తగిలి మెరుస్తుంటాయి.

ఇక తుపాకీ. యుద్ధం అయ్యాక సైన్యం పాత తుపాకులు అమ్మేసినప్పుడు యుహో దాన్ని కొన్నాడు. పొడుగు చెక్క కోయించి బిర్చి చెట్టు కలపతో వేటచెక్క చేయించాడు. ఆ రకం తుపాకుల గది, అంటే తూటా కూర్చునే వెనక భాగం, రష్యావాడిదే. జారు చక్రవర్తి పోతూ వదిలేసినవి కొన్ని, యుద్ధంలో లాక్కున్నవి కొన్ని. ఫిన్లాండులో ఒక్క గదీ తయారు కాలేదు, కానీ గొట్టాలు మాత్రం చాలావాటికి మార్చారు. దీని మీద ఊరి తర్కం ఊరికి ఉంది: గది ఎవరిదైతేనేం, గుండు నడిచేది గొట్టంలో, గొట్టం మనది, కాబట్టి తుపాకీ మనది. యుహో తుపాకీకి రుజువు కూడా ఉంది. గొట్టం మొదట్లో చిన్న చతురస్రం, అందులో ఫిన్లాండ్ సైన్యపు ముద్ర, రెండక్షరాలు. పదమూడేళ్ల సులో వేలు పట్టుకుని తండ్రి దాన్ని తడిమించాడు. పెద్దయ్యాక సులో దాన్ని చూడ్డానికి ఒప్పుకున్న ప్రతివాడికీ చూపించాడు.

దీని తూటాకు రెండు పేర్లు. ఫిన్లాండు పెట్టె మీద 7.62×53 అని ఉంటుంది, రష్యా పెట్టె మీద 7.62×54 అని. డొల్ల పొడవు నిజానికి యాభై మూడుకీ యాభై నాలుగుకీ మధ్య ఎక్కడో ఉంది. ఇటువాడు తగ్గించి రాశాడు, అటువాడు పెంచి రాశాడు. ఇరుగుపొరుగు జాతుల స్వభావాల మీద ఆ ఊళ్లో జరిగే చర్చంతా ఆ మిల్లీమీటరులో ఇరుక్కుని ఉంటుంది. అసలు తేడా పొడవులో లేదు, గుండు లావులో ఉంది. రష్యా గుండు వెంట్రుకవాసి లావు, దాని గొట్టం అందుకు తగ్గట్టు వెడల్పు. ఫిన్లాండువాళ్లు గొట్టం బిగించారు, రానురాను గుండునీ సన్నం చేశారు.

యుహో చచ్చిపోతూ పాతకాలపు లావుగుండు తూటాలు ఒక పెట్టెనిండా వదిలిపోయాడు. సులో ఆ పెట్టెతో ఇరవై రెండు మూస్‌లు కొట్టాడు. 1990లో పెట్టె అడుగు కనిపించింది. 91లో కొత్త ఫిన్లాండు తూటాలు కొన్నాడు, ఆ ఏడే మొదటిసారి గురి తప్పాడు. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు, సులోకి అసలే తోచలేదు. సరిహద్దు అవతల రాజ్యం కూలిపోయాక అక్కడి తూటాలు ప్రతి కొట్లోనూ పెట్టె నలభై ఎనిమిది మార్కులకు దొరుకుతున్నాయి. ఇక్కడివి నూట యాభై. ఆ మాట ఎవరైనా ఎత్తితే సులో జవాబు సిద్ధం.

"మా నాన్న అయిదేళ్లు వాటికి ఎదురు నిలబడ్డాడు, ఊరికే వచ్చినా వద్దనుకున్నాడు. ఇప్పుడు నేను డబ్బిచ్చి కొనుక్కోవాలా?"

ఆ చలికాలం బస్సెక్కి పట్నం పోయి కళ్లు చూపించుకున్నాడు. డాక్టరు చాలాసేపు చూసి, నలభై ఏళ్లవాడి కళ్లలా ఉన్నాయని మెచ్చుకున్నాడు. సులో దిగాలుపడి ఇంటికొచ్చాడు. కన్నే పోయి ఉంటే ఓ కళ్లజోడుతో పని అయిపోయేది.

మూడేళ్లకోసారి మూస్ వేటగాళ్లంతా పరీక్ష కాల్చాలి. డెబ్బై అయిదు మీటర్ల దూరంలో చెక్కమూస్. నాలుగు గుండ్లూ గుండె దగ్గర గీసిన పళ్లెమంత గుండ్రంలో పడాలి. సులో వంతు 93 ఆగస్టులో వచ్చింది. కంకరగుంటలో బల్ల మీద కూర్చుని లెక్కలు రాసుకుంటున్నవాడు కౌకోయే. సులో నాలుగూ కాల్చాడు. ఒకటి గుండ్రంలో, ఒకటి మెడలో, ఒకటి తొడలో. నాలుగోది ఎంత వెతికినా కనిపించలేదు. కౌకో బొమ్మ దగ్గర వంగి నిలబడ్డాడు.

"ఇలా రా. ఇదేంటి?"

"కన్నం."

"కన్నమని నాకూ తెలుసు. గుండ్రంగా ఉందా?"

లేదు. మెడలోదీ తొడలోదీ పొడుగ్గా, తాళంచెవి దూర్చే కన్నంలా ఉన్నాయి. తాగినవాడు తలుపులోంచి భుజం ముందు పెట్టి దూరినట్టు, గుండు పక్కకు తిరిగి దూరింది.

"ముప్పై ఏళ్లుగా ఈ పరీక్ష పెడుతున్నా, ఇలాంటి కన్నం చూళ్లేదు," అన్నాడు కౌకో. "నీ గుండు అడ్డంగా పోతోందిరా. శనివారం ఇంకో అవకాశం ఇస్తా. అప్పుడూ తప్పితే ఈ ఏడు నీకు కాపూ లేదు, తోలడమూ లేదు. గుడిసెలో కాఫీ కాచుకో."

"నీ కాఫీ కంటే బాగానే కాస్తాలే," అన్నాడు సులో. కారెక్కాక కాసేపు తాళం తిప్పలేదు.

మర్నాడు తైమి కొట్టుకి పోయాడు. తైమి తురునెన్ భర్త పోయాక తొమ్మిదేళ్లుగా ఆ ఇనపకొట్టు ఒంటిచేత్తో నడుపుతోంది. మేకులు, రంపాలు, చేపగాలాలు, తూటాలు అన్నీ ఒకే గోడకు ఉంటాయి. సులోతో పాటు బడిలో చదివింది. అతను ఎక్కాల్లో ఎక్కడ తప్పేవాడో ఆవిడకింకా గుర్తే.

"వచ్చావా," అంది. "కౌకో పొద్దున్నే వచ్చి చెప్పాడు. అడ్డగుండు సులో అని పేరు కూడా పెట్టాడు."

"వాడి నోరు ఎప్పుడూ నిలువుగానే పోతుంది కాబోలు. తూటాలు మార్చి చూద్దామని వచ్చా. ఫిన్లాండువే, ఇంకో రకం ఉన్నాయా?"

"ఇంకో రకం పెట్టె ఉంది. లోపల అదే గుండు. కొత్త రైఫిల్ కొను. ఇదిగో, మూడొందల ఎనిమిది రకం. తూటాలు చవక, భుజానికి దెబ్బ మెత్తన."

"ఎంత?"

"నాలుగు వేల రెండొందలు."

"నా దగ్గర నాలుగు వేలుంటే ముందు పళ్లు కట్టించుకుంటా. అయినా మూడొందల ఎనిమిదికి మూస్ పడుతుందా? అందరూ ముప్పై-సున్నా-ఆరంటారు."

తైమి ఈ మాట వారానికి నాలుగుసార్లు వింటుంది.

"ముప్పై-సున్నా-ఆరు కొన్నవాడు మూడొందల ఎనిమిదివాణ్ణి చూసి నవ్వుతాడు. వాడేమో నీ యాభైమూడుని చూసి నవ్వుతాడు. మూడు తూటాలూ పక్కన పెడితే మా ఆయన కూడా ముక్కుకు ఆనించుకుని గాని చెప్పలేకపోయేవాడు. చచ్చిన మూస్ ఒక్కటీ ఇంతవరకూ నా కొట్టుకొచ్చి ఫిర్యాదు చెయ్యలేదు. నీ గొడవ తూటా గొడవ కాదయ్యా. తుపాకీ తెచ్చావా?"

"కార్లో ఉంది."

"పట్రా. బోల్టు తీసి పట్రా."

సులో తుపాకీ తెచ్చి బల్ల మీద పడుకోబెట్టాడు. తైమి వెనకనుంచి గొట్టంలోకి ఒకసారి చూసింది. తర్వాత ఫిన్లాండు తూటా ఒకటి తీసి, దాని ముక్కు గొట్టం మూతిలో పెట్టింది. గుండు సాంతం లోపలికి దిగింది. ఇత్తడి అంచు గొట్టానికి ఆనుకుంది. వేలితో తడితే ఊడబోయే పన్నులా ఊగింది. ఆవిడ దాన్ని తీసేసి, పక్క అరలోంచి రష్యా తూటా తీసింది. బూడిదపచ్చ రంగు, ఇనుప డొల్ల. దాని ముక్కు మూతిలో పెడితే మధ్యలోనే బిగుసుకుంది. గోరంత గుండు బయటే ఉండిపోయింది. కదపబోతే కదల్లేదు.

సులో ఆ రెండో తూటాను తనే ఒకసారి కదిపి చూశాడు.

"మూతి అరిగినట్టుంది," అన్నాడు.

"అరిగితే మూతి ఒక్కటే అరుగుతుంది. నేను వెనకనుంచి చూశాగా, లోపలంతా వాకిలిలా ఉంది. చెక్క ఇప్పు."

"ఎందుకు?"

"ఇప్పవయ్యా బాబూ. నీ పెళ్లాం ముందు ఇప్పమనట్లేదు."

రెండు మరలు తీస్తే చెక్క ఊడింది. గొట్టం పైవైపు నున్నగా ఉంది. పాత రాతలన్నీ ఎప్పుడో ఆకురాయితో అరగదీసి సైన్యపు ముద్ర ఒక్కటి మిగిల్చారు. కింద, చెక్క దాచిన వైపు అరగదీయాలని ఎవరూ అనుకోలేదు. అక్కడ, నూనె మురికి తుడిస్తే, గోరంత డేగ. రెండు తలలు, వాటి మీద కిరీటం.

జారు చక్రవర్తి డేగ. కొట్లో ఇద్దరే ఉన్నారు, ఇద్దరూ దాన్ని గుర్తుపట్టారు.

"ముద్ర ఉందిగా పైన," అన్నాడు సులో. "మన సైన్యం ముద్ర."

"ఉంది. ఇది మన సైన్యం సొత్తని దానర్థం. ఎవడు చేశాడని కాదు. మా ఆవుల చెవులకు మా ముద్ర ఉంటుంది. వాటిని మా ఆయన కన్నాడా?"

"అయితే ఇందులో మనదేంటి?"

తైమి చెక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "ఇది. మంచి బిర్చి."

సులో నవ్వలేదు. "పైవి అరగదీసిందెవరంటావు?" అని అడిగాడు.

"మీ నాన్న దగ్గర ఆకురాయి ఉండేదిగా."

"ఊళ్లో అందరి దగ్గరా ఉంటుంది."

"అదీ నిజమే," అని తైమి చెక్క మళ్లీ బిగించింది.

ఇప్పుడు లెక్క సులభం. కొత్త రైఫిల్‌కి డబ్బు లేదు. కొత్త గొట్టానికి సగం డబ్బైనా కావాలి, శనివారంలోగా బిగించేవాడు కావాలి. నలభై ఎనిమిది మార్కుల పెట్టె కళ్లముందే ఉంది. మోకాలికి దేశభక్తి లేదు, వాగు మలుపుకీ లేదు. అడ్డమల్లా ముప్పై ఏళ్లుగా గుడిసెలో తనే చెప్పుకొచ్చిన మాటలు. ఒక మనిషి ఒక అబద్ధాన్ని తండ్రి దగ్గర తీసుకుని, మంచి నమ్మకంతో ఊరంతా పంచిపెట్టాక, ఏ ముఖంతో వెనక్కి అడుగుతాడు?

సులో అడగలేదు. జేబులోంచి ఫిన్లాండు తూటాల ఖాళీ పెట్టెలు రెండు తీశాడు.

"వాటిని ఇందులో సర్దు."

తైమి అతని ముఖం వంక చూసింది. "కౌకో అడిగితే నేనేమనాలి?"

"ఏమీ అనకు. ఖాతాలో మేకులని రాసుకో."

"ఎన్ని అంగుళాలవి?"

"నీ ఇష్టం."

తైమి పుస్తకం తెరిచి నాలుగంగుళాల మేకులు రెండు పెట్టెలని రాసింది. నలభై తూటాలను ఒక్కొక్కటే లెక్కపెట్టి మంచి పెట్టెల్లో సర్దింది. ఒక్కొక్కటి దించుతున్నప్పుడల్లా ఇత్తడి చేసేలాంటి చప్పుడు కాకుండా ఇంకోలాంటి చప్పుడు అవుతోంది.

శనివారం దాకా సులో రోజూ కంకరగుంటకి పోయాడు, ఎవరూ లేని వేళ చూసుకుని. మొదటి మూడు గుండ్లూ కాఫీకప్పు మూతంత చోట పడ్డాయి, ఎక్కువ కుడికి. గురిముల్లును సుత్తితో వెంట్రుకంత కదిపాడు. శనివారం కౌకో ముందు నాలుగు కాల్చాడు. నాలుగూ గుండ్రంలో, నాలుగు కన్నాలూ గుండ్రంగా.

కౌకో బొమ్మ చూశాడు, కాగితం మీద సంతకం పెట్టాడు. కానీ ఇంకొకటి కూడా చూశాడు. జీవితంలో ఎన్నడూ డొల్లలు ఏరుకోని సులో, బోల్టు లాగిన ప్రతిసారీ డొల్లను గాల్లోనే గుప్పిట్లో పట్టుకుని జేబులో వేసుకున్నాడు.

"ఏంటి, డొల్లలు కూడా ఫ్రీజర్లో పెడతావా?" అన్నాడు.

"ధరలు మండిపోతున్నాయి," అన్నాడు సులో. "మళ్లీ నింపుకోవచ్చు."

అక్టోబరు రెండో వారం మొదటి మంచు చీలమండ లోతు పడింది. తోలేవాళ్ల కేకలు అవతలి గట్టున ఉండగానే ఒక మగ మూస్ వాగు మలుపు దగ్గరికొచ్చి ఆగింది. సులో ఒక్కటే కాల్చాడు. జంతువు ఇరవై అడుగులు నడిచి, కాళ్లు మడుచుకుని కూర్చున్నట్టు పడిపోయింది. అరగంటలో జట్టంతా అక్కడ చేరింది. కుక్కలు నాకడానికి ఎగబడ్డాయి. ఎవడో ఫ్లాస్కు తెరిచాడు.

"డొల్ల ఏదీ?" అన్నాడు కౌకో.

"మంచులో పడిపోయింది. కనపళ్లేదు."

డొల్ల నిజంగానే మంచులో పడింది. వేళ్లు కొయ్యబారి ఈసారి పట్టుకోలేకపోయాడు. పడ్డచోటు తెలుసు, మడమతో ఇంకాస్త లోతుకు తొక్కాడు కూడా.

కౌకో తన ట్రాక్టరు దగ్గరికి పోయాడు. రోడ్ల శాఖలో పనిచేసిన రోజుల్లో మంచులో పడ్డ మరలు ఏరడానికి వాడిన పెద్ద అయస్కాంతం ఒకటి, కర్రకు కట్టింది, సీటు కింద ఉంటుంది. దాన్ని తెచ్చి సులో బూట్ల చుట్టూ నెమ్మదిగా తిప్పాడు. పదమూడు మంది చూస్తున్నారు. ఇత్తడి డొల్లైతే రోజంతా తిప్పినా దొరికేది కాదు. మూడోసారికి టిక్కుమంది.

కౌకో బూడిదపచ్చ డొల్లను ఊది మంచు దులిపాడు. అడుగున ఉన్న అక్షరాలు చదివాడు. చదవక్కర్లేదు, రంగు చాలు. ఫ్లాస్కు పట్టుకున్నవాడు మూత బిగించాడు.

"ఆగస్టు నుంచీ అనుకుంటూనే ఉన్నా," అన్నాడు కౌకో. "చెబుతావా?"

సులో చెప్పాడు. తూటా ముక్కు సంగతి, చెక్క ఇప్పిన సంగతి, కింది డేగ సంగతి. తండ్రి ఆకురాయి మాట మాత్రం చెప్పలేదు. చెప్పడం రెండు నిమిషాల్లో అయిపోయింది. అందుకోసం రెండు నెలలు డొల్లలు దాచాడు.

అందరూ కౌకో వంక చూశారు. కాపులు ఇచ్చేది అతనే.

"మా నాన్నదీ అదే ఏడు కొన్నది," అన్నాడు కౌకో చివరికి. "చెక్క ఇప్పి చూడలేదు. చూడను కూడా." డొల్లను వేళ్ల మధ్య తిప్పాడు. "తిన్నగా పోయిందా, జంతువు పడిందా, అంతే నాకు కావాల్సింది. నాలుగో నంబరు నీదే. కింద ఏమని రాయను? యుద్ధంలో లాక్కున్న సరుకనా?"

"రాయి," అన్నాడు సులో.

ఆ సాయంత్రం గుడిసెలో మాంసం పద్నాలుగు కుప్పలు పోశారు. అక్కడి పద్ధతి ప్రకారం కొట్టినవాడు గోడవైపు తిరిగి నిలబడాలి. కౌకో ఒక్కో కుప్ప చూపిస్తూ "ఇదెవరికి?" అంటాడు, గోడవైపు తిరిగినవాడు చూడకుండా ఒక్కో పేరు చెప్పాలి. సులో అందరి పేర్లూ చెప్పి తన పేరు చివరికి మిగుల్చుకున్నాడు. మెడ ఎముకల కుప్ప వచ్చింది. "గుండు తిన్నగా పోతోంది గాని అదృష్టం ఇంకా అడ్డంగానే పోతోంది," అని ఎవడో అన్నాడు, జట్టంతా నవ్వింది. కుడి కమ్మీ మీద ఇరవై రెండు ఇత్తడి డొల్లల కింద ఒక ఇనుప డొల్ల ఉంది. చేతులు తగిలే చోట వసంతానికల్లా తుప్పు పట్టింది.

అప్పటినుంచీ సులో ఆ తూటాలే వాడుతున్నాడు, వాటి పెట్టెలోంచే తీస్తున్నాడు, డబ్బు బల్ల మీద పెట్టి కొంటున్నాడు. మొదటి రెండు పెట్టెల సంగతే తెగలేదు. తైమి ఖాతాలో అవి నాలుగంగుళాల మేకులుగానే ఉన్నాయి. తను మేకులు కొనలేదు కాబట్టి మేకులకు డబ్బివ్వనంటాడు సులో. అతను రాయమన్నదే రాశాను కాబట్టి కొట్టెయ్యనంటుంది తైమి. తొంభై ఆరు మార్కులు ఇంకా బాకీ.